జక్రయ్యకు పట్టిన నిద్ర

తూములపాలెం చర్చిపేటలో ఎవరూ చచ్చిపోరు. ప్రభువునందు నిద్రిస్తారు. తాగి కాలవలో పడ్డవాడైనా, పొలంలో పాము కరిచినవాడైనా, బతికినన్నాళ్ళూ ఊరందర్నీ తిట్టి తిట్టి అలిసిపోయిన ముసలమ్మైనా సరే, ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద జోసఫ్ లేచి నిలబడి, కండువా సర్దుకుని, గొంతు తగ్గించి, "ఫలానా వారు ప్రభువునందు నిద్రించారు" అనే చెబుతాడు. చచ్చిపోవడం అనే మాటను పేటలో గేదెలకీ, తమకు పడనివాళ్ళకీ మాత్రమే వాడతారు.

అలాంటి పేటలో అసలు నిద్ర, అంటే పొద్దున మళ్ళీ లేచి పళ్ళు తోముకునే నిద్ర, కరువైపోయిన ఇల్లు ఒకటుంది. అది రెబ్కా ఇల్లు.

రెబ్కా మొగుడు జక్రయ్య జిన్నింగు మిల్లులో పనిచేశాడు. వయసంతా పత్తి మోశాడు, పత్తి దులిపాడు, పత్తి పీల్చాడు. మిల్లువాళ్ళు పత్తిని బేళ్ళు కట్టి బయటికి పంపారు గానీ, జక్రయ్య రొమ్ములో పేరుకున్నదాన్ని అక్కడే ఉంచేశారు. పంతొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం, మిరపకోతలు మొదలయ్యే రోజుల్లో, గుంటూరులో డాక్టరు రెబ్కాను పక్కకు పిలిచాడు. మంచివాడే పాపం, అరవకుండా చెప్పాడు.

"ఊపిరితిత్తులు అయిపోయాయమ్మా. ఇంక ఇక్కడ పెట్టుకుని మేం చేసేదేమీ లేదు. ఇంటికి తీసుకుపో. దగ్గుకూ నిద్రకూ మందు ఇస్తున్నాను గానీ, మందు ఒక్కటే పనిచెయ్యదు. దుమ్ము, పొగ, ఘాటు తగలనివ్వకు. ఉన్నన్నాళ్ళు కాస్త నిద్రపోనివ్వు. నువ్వొక్కదానివే చెయ్యలేవు, నలుగురి ఆదరణ కావాలి."

ఆ మాటల్లో రెబ్కా రెంటిని కొంగున ముడేసుకుని బస్సెక్కింది. ఒకటి నిద్ర. రెండోది ఆదరణ. ఈ రెండు మాటలే తన కొంప మీదికి అంత తమాషా తెస్తాయని ఆమెకేం తెలుసు!

రెబ్కా ఇల్లు చర్చిని ఆనుకునే ఉంటుంది. ఇంటికి ఒకటే కిటికీ. ఆ కిటికీ చర్చి ముందున్న సిమెంటు గచ్చు మీదికి తెరుచుకుంటుంది. ఆ గచ్చు పోసినప్పుడు జక్రయ్య మిల్లు దిగి వచ్చి, అన్నం కూడా తినకుండా ఇసక తట్టలు మోశాడు. క్రిస్మసుకు పిల్లలు కూర్చుంటారని మోశాడు. పిల్లలు కూర్చునేది క్రిస్మసు ఒక్కరోజే. మిరపకాలం వచ్చిందంటే ఆ గచ్చు మొత్తం జోసఫ్‌ది. పొలంలో కల్లం ఉంది ఆయనకు. కానీ కల్లంలో కాయలకు మట్టి అంటుతుంది, దొంగలొస్తారు, కాపలా మనిషికి కూలివ్వాలి. చర్చి ముందైతే దేవుడే కాపలా. దేవుడు కూలి అడగడు.

అందుకని కిటికీ కింద, జక్రయ్య మంచానికి మూరెడు దూరంలో, ఎర్రగా నిగనిగలాడుతూ మిరపకాయలు పరుచుకుని ఉండేవి. పొద్దున కూలివాళ్ళు వచ్చి వాటిని కాళ్ళతో తిరగదోసేవాళ్ళు. తర్వాత ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్ళు. ఎండ ముదిరేకొద్దీ ఘాటు లేచేది. మంచి ఊపిరితిత్తులున్నవాళ్ళకే ముక్కులు కారేవి. ఇక జక్రయ్య సంగతి ఏం చెప్పమంటారు! దగ్గు అందుకుందంటే మనిషి మంచం మీద రెండుగా మడుచుకుపోయేవాడు. కళ్ళు మూతపడతాయి, ఇంతలో ఘాటు తగులుతుంది, లేచి కూర్చుంటాడు. కిటికీ మూస్తే ఊపిరాడదు, తెరిస్తే ఘాటు. రాత్రి మంచుకు మిరపకాయలు మెత్తబడితే ఒక కునుకు, పగలు అదీ లేదు. రెబ్కా ఆయన వీపు రాస్తూ రాస్తూ గోడకానుకుని కూర్చునే తూలిపోయేది.

మిరపకాయలు ఒక ఎత్తు, పరామర్శలు ఇంకో ఎత్తు.

తూములపాలెం వాళ్ళు మంచివాళ్ళు కాదంటే కళ్ళు పోతాయి. జక్రయ్యను గుంటూరు నుంచి తెచ్చారని తెలియగానే పేటంతా కదిలి వచ్చింది. ఉత్తచేతులతోనా? బ్రెడ్డు పొట్లాలతో, బత్తాయిలతో, హార్లిక్సు సీసాలతో వచ్చారు. మనిషికి గంజి దిగడమే గగనంగా ఉంటే, గూట్లో హార్లిక్సు సీసాలు మాత్రం సంఘపెద్దల్లా వరసగా నిలబడ్డాయి.

వచ్చినవాళ్ళు తిన్నగా వచ్చి మంచం మీదే కూర్చునేవాళ్ళు. "నన్ను గుర్తుపట్టావా జక్రయ్యా?" అని అడిగేవాళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ ఒకే పేటలో, ఒకే బోరింగు నీళ్ళు తాగి బతికిన మనిషిని అడిగే మాటేనా అది? జబ్బు వచ్చింది ఊపిరితిత్తులకు, కళ్ళకు కాదు. ఒకరోజు జక్రయ్యకు విసుగొచ్చి, "లేదయ్యా, ఎవరు నువ్వు?" అన్నాడు. అంతే. సాయంత్రానికల్లా జక్రయ్యకు మతి పోయిందని పేటంతా పాకింది. మర్నాడు అది నిజమో కాదో చూసిపోదామని, అంతకు ముందు రానివాళ్ళు కూడా వచ్చారు. అందరూ అదే ప్రశ్న.

కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? తమ మేనమామకో, వియ్యంకుడికో సరిగ్గా ఇలాంటి దగ్గే ఎలా మొదలైందో, ఎలా ముదిరిందో, చివరికి ఎలా నెత్తురు కక్కుకున్నాడో పూస గుచ్చినట్టు చెప్పి, ఆఖర్న నాలిక కరుచుకుని, "నీకేం కాదులే" అనేవాళ్ళు. ఈలోపు రెబ్కా టీ కాచాలి. పరామర్శకు వచ్చినవాళ్ళకు టీ ఇవ్వకపోతే మళ్ళీ అదొక మాట. మొగుడి మందు టైము దాటిపోతున్నా, టీలో చక్కెర తక్కువైందా లేదా చూసుకోవలసిన గతి పట్టింది ఆమెకు.

టీ తాగి, మూతి తుడుచుకుని, గడప దాటుతూ ప్రతివాళ్ళూ ఒకటే మాట. "ఏ అవసరమొచ్చినా మొహమాటపడకు రెబ్కా. మేం లేమా?"

రెబ్కా పిచ్చిది. మొహమాటపడలేదు.

"పిన్నీ, మధ్యాహ్నం కాసేపు ఆయన దగ్గర కూర్చుంటావా? నడుం వాలుస్తా."

"అయ్యో తల్లీ, కోతలు గదా!"

"తమ్ముడూ, ఆయన్ని లేపి కూర్చోబెట్టటానికి ఒక చెయ్యి వెయ్యి."

"నా నడుం సంగతి నీకు తెలవందేముంది అక్కా."

"పోనీ ఆ మిరపకాయల సంగతి కాస్త జోసఫ్ బావగారితో మీరన్నా చెప్పండి."

ఈ మాట వినగానే అందరికీ చెప్పులు ఎక్కడ విడిచారో గుర్తొచ్చేది. "అయి జోసఫ్ గారియ్యి గదమ్మా," అని గొంతు తగ్గించి, వెళ్ళిపోయేవాళ్ళు. 'ఏ అవసరమొచ్చినా' అంటే ఈ అవసరాలు కాదని రెబ్కాకు నెమ్మదిగా బోధపడింది. మరి ఏ అవసరాలంటే, అది వాళ్ళకూ తెలియదు.

ఇలా కాదని ఆమె జోసఫ్‌నే అడగదలుచుకుంది. ఆయన జక్రయ్యకు పెదనాన్న కొడుకు వరస. రోజూ సాయంత్రం వచ్చి ప్రార్థన చేసి పోయేవాడు. ఆ రోజు కూడా వచ్చి, జక్రయ్య నెత్తి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. "ప్రభువా! ఈ దగ్గును గద్దించు! ఈ బిడ్డ రొమ్ములోనుంచి ఈ దగ్గును వెళ్ళగొట్టు! ఈ క్షణమే..."

ఇంతలో కిటికీలోంచి ఘాటు తెర ఒకటి వచ్చి ఆయన ముక్కుపుటాల్లో దూరింది. తన మిరపకాయలే, తన ఘాటే, తన నసాళానికే అంటింది. జోసఫ్ దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. కండువా నోటికడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా దగ్గాడు.

"చూశావా అమ్మాయ్," అన్నాడు రొప్పుతూ, "సాతాను ప్రార్థనకు అడ్డం పడతన్నాడు."

"సాతాను కాదండి బావగారూ," అంది రెబ్కా. "మీ మిరపకాయలండి."

మంచం మీద జక్రయ్య నవ్వబోయాడు. అదీ దగ్గయింది.

జోసఫ్ మొహం చిట్లించాడు. "ఏందమ్మాయ్ ఆ మాట? దేవుడి గచ్చు దేవుడి బిడ్డకు పనికొస్తే తప్పా?"

"తప్పని కాదండి. కల్లంలోకి తోలుకోండి, మీ కాళ్ళు పట్టుకుంటా. ఆయనకు కంటి మీద కునుకు లేదు. డాక్టరు గారు ఘాటు తగలకూడదన్నారు. కాస్త నిద్రపోనివ్వమన్నారు. నలుగురి ఆదరణ కావాలన్నారు."

మిగతా ముక్కలన్నీ జోసఫ్ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. ఆఖరు మాట దగ్గర మాత్రం ఆయన మొహం వెలిగింది.

"ఆదరణా? డాక్టరే అన్నాడా?"

"అన్నారండి."

"మరి ముందే చెప్పవేం! ఆదరణ కూడిక పెట్టేద్దాం!"

ఆదరణ కూడిక అంటే ఏమిటో పేటలో పాలుతాగే పిల్లను అడిగినా చెబుతుంది. మనిషిని సమాధి చేసిన తర్వాత, ఏడ్చే కుటుంబాన్ని ఓదార్చడానికి సంఘమంతా కూడి, పాటలు పాడి, పోయినవాళ్ళ మంచిని తలుచుకుని, టీ తాగి పోయేదాన్నే ఆదరణ కూడిక అంటారు.

"బావగారూ, అది పోయినవాళ్ళ ఇంట్లో గదండీ పెట్టేది? ఈయన ఉన్నారు గదా!"

"ఉన్నప్పుడు పెడితేనే గదమ్మాయ్, ఆయన కూడా వినేది! పోయినాక మనం ఎంత పొగిడితే మాత్రం ఆయనకేం తెలుస్తది?" అని జోసఫ్ కాస్త ముందుకు వంగి, చాలా దయగా అన్నాడు. "ఇంకో మాట. ఇంకొన్నాళ్ళు పోతే టిక్కీలు కట్టుకుని అందరం గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తిరుగుతా ఉంటాం. అప్పుడు కావాలన్నా జనం దొరకరు. ఇప్పుడైతే తీరిగ్గా, నిండుగా జరిగిద్ది."

టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోనె మూట. ఆ టిక్కీలు యార్డుకు పోయే ముందే జక్రయ్య ఆదరణ కూడా ముగించెయ్యాలన్నమాట! రెబ్కాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి జక్రయ్య చెయ్యెత్తాడు.

"కానియ్యి అన్నా. నా గురించి ఏం చెబుతారో నాకూ వినాలనుంది."

ఈ ముచ్చట పక్కింటి ఖాజాబీకి తెలిసింది. ఖాజాబీ మొగుడు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆమె మనసు వెన్న, నోరు మాత్రం ఊరి మైకు. పరామర్శకు వచ్చేవాళ్ళందరిలోకీ ఎక్కువసేపు కూర్చునేది, ఎక్కువ చెప్పేది ఆమే. తన పుట్టింటివైపు దగ్గులూ, మెట్టింటివైపు ఆయాసాలూ అన్నీ జక్రయ్యకు వరసగా వినిపించింది. అంతటి ఖాజాబీ, ఆదరణ కూడిక మాట వినగానే బోరింగు దగ్గరికి పోయి, నీళ్ళు పట్టుకుంటున్న జోసఫ్ భార్య కోటిరత్నాన్ని ఆపేసింది.

"బతికున్న మనిషికి దినం పెడతారంటే! ముందు ఆ మిరగ్గాయలు తియ్యండి, తరవాత పాటలు పాడుదురు గానీ!"

కోటిరత్నం కూడా తక్కువ తినలేదు. బిందెలు నిండాయి, పొర్లాయి, బోరింగు చెయ్యి ఆగిపోయింది, వాళ్ళిద్దరూ ఆగలేదు. మర్నాడు పొద్దున్నే మిగిలింది అందుకున్నారు. దాంతో మిరపకాయలు గింజంత కూడా కదల్లేదు గానీ, ఖాజాబీ గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. ఇది ఆ ఇంటికి దేవుడు చేసిన మొదటి మేలు.

కూడిక రోజు వచ్చింది. గచ్చు మీద బెంచీలు వెయ్యాలి, మిరపకాయలున్నాయి. జోసఫ్ కూలివాళ్ళను పిలిచి, కాయలన్నీ ఒక పక్కకు నెట్టించాడు. ఏ పక్కకు? సరిగ్గా జక్రయ్య కిటికీ కింద గోడవారకు. అంత రాశి పక్కన పెట్టుకుని జనం పాటలెలా పాడతారు? అందరూ దగ్గుతారు గదా! అందుకని రాశి మీద మందపాటి పట్టా కప్పించి, చుట్టూ అంచుల మీద రాళ్ళు పెట్టించాడు. రెబ్కా గడపలో నిలబడి చూసింది. అన్నాళ్ళు ఏడ్చి అడిగితే కప్పని పట్టా, పాటలు పాడేవాళ్ళ గొంతుల కోసం ఇంతలోనే వచ్చిపడింది.

ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి రెబ్కా జబ్బలు చెరొకటి పట్టుకున్నారు. ఆదరణ పొందేది ఆమె కదా, ముందు బెంచీ మీద కూర్చోవాలి. "నేను ఆయన దగ్గరుండాలమ్మా!" అంటే వినలేదు. "దుఃఖంలో అట్టాగే అంటారు," అని నడిపించుకుపోయారు. మంచం దగ్గర ఖాజాబీ కూర్చుంది. తమ ఇంట్లో దూది ఏకేటప్పుడు నూగు రాకుండా కట్టినట్టే, పాత చీర ఒకటి నీళ్ళలో తడిపి, కిటికీకి అడ్డంగా వేలాడదీసింది. మాట్లాడే వీలు లేక, జక్రయ్య అరికాళ్ళు రాస్తూ కూర్చుంది.

కూడిక మొదలైంది. పాట అయింది. అయ్యగారు, అంటే పాస్టరు గారు, వాక్యం చదివారు. ఆయన మెత్తటి మనిషి. జోసఫ్ ఎటు తల ఊపితే ఆయన అటు ఆమెన్ అంటారు. ఆ తర్వాత సాక్ష్యాలు. జోసఫ్ లేచాడు.

"జక్రయ్య గారు మన సంఘానికి స్తంభం లాంటివారు. ఈ గచ్చు, ఇదిగో మనం కూర్చున్న ఈ గచ్చు, ఆయన చెమటతో పోసిందే. అలాంటి మనిషి మన మధ్య లేకపోవడం..." ఇక్కడ అయ్యగారు చిన్నగా దగ్గారు. "...అంటే, లేకపోబోవడం, మనకు తీరని లోటు."

తడిచీర వెనక నుంచి జక్రయ్య గొంతు వచ్చింది. "ఎవరి గురించమ్మా ఖాజాబీ, ఇంత మంచోడు?"

ఆ మాట రెబ్కా ఒక్కతే వింది. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి ఆమెకు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. జక్రయ్య దానగుణం గురించి చెప్పారు, సహనం గురించి చెప్పారు. రెబ్కా చెవులు మాత్రం కిటికీ దగ్గరే ఉన్నాయి. దగ్గు వస్తుందని చూసింది. రాలేదు. ఇంకొకరు లేచారు, కూర్చున్నారు. దగ్గు లేదు. అయ్యగారు ముగింపు ప్రార్థనకు కళ్ళు మూయగానే, ఆమె లేచి పరిగెత్తింది.

జక్రయ్య గోడవైపు ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరిచి ఉంది. రొమ్ము మెల్లగా లేస్తోంది, దిగుతోంది. సన్నగా గురక. ఖాజాబీ కళ్ళు పెద్దవి చేసి, నోటి మీద వేలు పెట్టి చూపించింది. మిరపకాయల మీద పట్టా ఉంది, కిటికీకి తడిచీర ఉంది. 'నన్ను గుర్తుపట్టావా' అని అడిగేవాళ్ళందరూ బయట బెంచీల మీద ఉన్నారు. పక్కన కూర్చున్న ఖాజాబీకి గొంతు లేదు. నిద్ర పట్టక ఏం చేస్తుంది! రెబ్కా గుమ్మం పట్టుకుని నిలబడి భోరుమంది. దుఃఖం కాదది, సంతోషం. నెల్లాళ్ళ సంతోషం ఒక్కసారి తన్నుకొచ్చింది.

బయట అందరూ ప్రార్థన ఆపి లేచి నిలబడ్డారు. "ఏమైందమ్మా?" అన్నారు అయ్యగారు.

"నిద్రపోయాడండి," అంది రెబ్కా, కళ్ళు తుడుచుకుంటూ.

అయ్యగారు బైబిలు మూశారు. తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి గొల్లుమని ఏడుపు లేచింది. ఖాజాబీ కంగారుగా గుమ్మంలోకి వచ్చి, 'కాదు కాదు' అని రెండు చేతులూ ఊపింది. నోరు తెరిచింది, గాలి వచ్చింది. "పాపం, తురకల పిల్లైనా చూడండి, నోట మాట రావట్లా," అని ఆమెను చూసి ఇంకొందరు ఏడ్చారు.

అప్పటికి రెబ్కాకు విషయం తలకెక్కింది. "అయ్యో, అది కాదండీ..." అని చెప్పబోయింది కూడా. నిజంగానే చెప్పబోయింది. కానీ అదే నిమిషాన జోసఫ్ గొంతు ఖంగుమంది.

"ఒరేయ్, చూస్తారేందిరా! ముందు మిరగ్గాయలు తియ్యండి! శవాన్ని ఎక్కడ పెడతాం, జనం ఎక్కడ కూర్చుంటారు? గోనెలు తెండి, తొక్కండి, మా కల్లంలోకి తోలెయ్యండి!"

రెబ్కా తెరిచిన నోరు మూసుకుంది.

"ఏడవకండి," అంది మెల్లగా. "ఆయన గోల భరించలేరు."

ఏడుపు ఠక్కున ఆగింది. "ఎంత గుండె నిబ్బరం!" అని గుసగుసలాడారు. ఎవరో లోపలికి రాబోతే రెబ్కా అడ్డం నిలబడింది. "కాసేపు ఎవరూ లోపలికి రావద్దు. ఆయన్ని ఇట్టాగే ఉండనివ్వండి." అయ్యగారు కళ్ళొత్తుకుని, "ఉండనివ్వండి, ఆమె మాట మన్నించండి," అన్నారు. జోసఫ్‌ను అడక్కుండా ఆయన చెప్పిన మొదటి మాట అదేనేమో.

అప్పుడు చూడాలి ఆ పేట సాయాన్ని! కోతలకు తీరికలేని పిన్ని బోరింగు నుంచి బిందెల మీద బిందెలు మోసింది. నడుం నొప్పి తమ్ముడు టిక్కీని ఒక్క ఊపున భుజానికెత్తుకున్నాడు. ఒకామె పొయ్యి దగ్గర గిన్నెలన్నీ తోమింది. ఇంకొకామె వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ఒక్క గింజ ఘాటు కూడా మిగలకుండా గచ్చు కడిగింది. కోటిరత్నం సొంతంగా వచ్చి, "రాత్రికి నేను నీ దగ్గరే ఉంటాలే రెబ్కా, నువ్వు నడుం వాల్చు," అంది. అంతా గుసగుసలతోనే, మునివేళ్ళ మీదే. రెబ్కా గడపలో కూర్చుని చూస్తూ ఉంది. ఆమెకు కోపం రాలేదంటే అబద్ధం. ఇంతమందికి ఇన్ని చేతులున్నాయని, ఆ చేతులు కదలాలంటే మొగుడు చావాలని, ఆమెకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఆఖరి టిక్కీ బండికెక్కింది. బండి మలుపు తిరిగింది. అప్పుడు లోపల నుంచి దగ్గు వినపడింది. పెద్దదేం కాదు, నిద్ర లేచిన మనిషి గొంతు సవరించుకున్నంత.

"రెబ్కా, కాసిని మంచినీళ్ళు ఇయ్యవే."

చీపురు పట్టుకున్నామె చీపురు వదిలేసింది. అయ్యగారు దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూలబడ్డారు. కోటిరత్నం కెవ్వుమంది.

"నిద్రించాడన్నావే!" అన్నాడు జోసఫ్. ఆయన మొహం ఆయన కాయల కన్నా ఎర్రగా ఉంది.

"నిద్రపోయాడన్నానండి బావగారూ. నెల్లాళ్ళ నుంచి పట్టని నిద్ర పట్టిందన్నాను. మీరు మీ నిద్ర అనుకున్నారు."

"మరి మేం కాయలు తీస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నావే!"

"నోరు తెరిచి అడిగినప్పుడు తీశారా?"

జోసఫ్ మలుపు వైపు చూశాడు. "ఒరేయ్, బండి ఆపండిరా..."

రెబ్కా గడప దిగి, కడిగిన గచ్చు మధ్యకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు. "ఆపండి బావగారూ. తెప్పించండి. చచ్చాడంటే తీశాం, బతికే ఉన్నాడని మళ్ళీ తెచ్చి పోస్తన్నాం అని ఇంతమంది ముందర చెప్పి మరీ పోయించండి. ఇందాక ఆయన్ని స్తంభమన్న నోటితోనే చెప్పండి."

అందరూ జోసఫ్ మొహం వంకే చూస్తున్నారు. జోసఫ్ అయ్యగారి వంక చూశాడు. అయ్యగారు జీవితంలో మొదటిసారి తల ఎటూ ఊపలేదు. అప్పుడు ఖాజాబీ గొంతు బొంగురుగా, పీలగా, ఒకే ఒక్క మాటకు తిరిగొచ్చింది.

"సిగ్గు!"

బండి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పరామర్శలు తగ్గాయి. మోసం చేసిందని రెబ్కాతో కొందరు మాట్లాడటమే మానేశారు. అదీ మంచిదే అయింది, టీ ఖర్చు కలిసొచ్చింది. రాత్రికి ఉంటానన్న కోటిరత్నం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఖాజాబీకి గొంతు పూర్తిగా వచ్చింది గానీ, జక్రయ్య దగ్గర కూర్చున్నంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఎంతో కష్టం మీద ఊరుకునేది. కిటికీ తెరిచి ఉండేది. జక్రయ్య పగలు నిద్రపోయాడు, రాత్రి నిద్రపోయాడు, మధ్యలో లేచి పెళ్ళాంతో నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడాడు. "నా ఆదరణ కూడిక నేనే విన్నానే. పేటలో ఇంకెవడికి దక్కిద్ది ఆ భాగ్యం?" అనేవాడు. జబ్బు తన పని తాను చేసుకుపోతూనే ఉంది. కానీ మనిషి మనిషిలా ఉన్నాడు.

యార్డు రోజులు ముగియకముందే, ఒక పొద్దున, జక్రయ్య లేవలేదు. రెబ్కా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. తర్వాత ఆయన నోరు మూసి, దుప్పటి సర్ది, గుమ్మంలోకి వచ్చింది. గచ్చు మీద ఆదివారం ఆరాధనకు చాపలు పరుస్తున్నారు. జోసఫ్ అక్కడే ఉన్నాడు.

"బావగారూ," అంది రెబ్కా. "నిద్రపోయాడండి."

చాపలు పరిచేవాళ్ళు ఆగి జోసఫ్ వంక చూశారు. జోసఫ్ రెబ్కా వంక చూశాడు. ఒకసారి దెబ్బతిన్న మనిషి, అనుమానం ఎక్కడికి పోతుంది?

"ఏ నిద్రమ్మాయ్?" అన్నాడు.

"ఈసారి మీ నిద్రేనండి."

జోసఫ్ కండువా సర్దుకున్నాడు. ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు, ఏదో ఒకటి తియ్యించాలన్నట్టు, గచ్చు మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతుక్కున్నాడు. తియ్యడానికి అక్కడ ఏమీ లేదు.